కాళ్ళొచ్చిన జీడిగుడ్లు

బైరాగి మాష్టారి ఉపన్యాసం
జీడిపాకంలా సాగుతోంది.
కాశీబుగ్గలో, బట్టీ పక్క సందులో, యూనియన్ రేకుల షెడ్డులో
పగలంతా పిక్కలు కొట్టి వచ్చిన నలభైమంది ఆడవాళ్ళు
'అదనపు విలువ' దగ్గర ఒకసారి ఆవలించారు.
'ఉత్పత్తి సంబంధాలు' దగ్గర మరోసారి.
సంబంధాలనగానే ఒకావిడ మాత్రం సర్దుకుని కూర్చుంది,
మేనకోడలికి చూస్తోందట.

మాష్టారు చెమట తుడుచుకుని
చాక్‌పీసు నా వైపు విసిరారు.
"బొమ్మేసి చెప్పవోయ్."

నేను బోర్డులు రాసేవాణ్ణి.
ఫ్లెక్సులొచ్చాక, రాసినవాణ్ణి.

నల్లబల్ల మీద షావుకారిని దించాను:
కుండంత పొట్ట, నోట్లో చుట్ట, పది వేళ్ళకీ ఉంగరాలు.
ఎవరూ నవ్వలేదు.
"ఇదెవులు బావూ?" అంది తవిటమ్మ.
"మీ ఓనరు."
"మా ఓనరు ఈనుపుల్లలాగుంటాడు. సుగరు.
పప్పు నోట్లో ఎట్టడు. రేతిరి నిద్దరట్టదు.
వియత్నాంలో రేటు పడిపోనాదని ఫోనొస్తే
బట్టీ సుట్టూ తిరుగుతాడు.
ఆ పొట్ట తీసీ."

తీసేశాను.
నలభై ఏళ్ళుగా గోడల మీద నేను పోషించిన షావుకారు
పొడై నా చొక్కా మీద రాలాడు.

మరి లాభం పోయేది ఏ పొట్టలోకి?

తవిటమ్మ ముందుకొచ్చింది.
జీడి కాల్చిన వేళ్ళు,
రేషను డిపోలో వేలిముద్ర మిషను
నువ్వెవరివో తెలీదన్న వేళ్ళు.
కొంగుముడి విప్పి
గేటు దగ్గర తడిమినా దొరకని పది గుడ్లు
నేల మీద పేర్చింది.

"పిక్కల కరీదు పక్కనెట్టు. కట్టెలు, కరెంటు, అయ్యీ పక్కనెట్టు.
ఆటి మీద నా సెయ్యి ఏసింది ఇది. పది."
మూడు ఇటు జరిపింది.
"ఇయి నాకు. తిని రేపు మళ్ళీ వొస్తాను.
ఆ ఏడూ ఏటయినాయో గీసీ."

మాష్టారి చేతిలో ఆరొందల పేజీల పుస్తకం
సిగ్గుపడి మూసుకుంది.

ఏడు గుడ్లకీ కాళ్ళు వేశాను.
ఒకటి కళ్ళజోడు పెట్టుకుని బేంకులో దూరింది.
ఒకటి గుడి మెట్టు మీద దాత పేరై పడుకుంది.
ఒకటి పంచె ఎగ్గట్టి, టిక్కెట్టు లేకుండా, హౌరా బండెక్కింది.
మూడు, ఇంకా పిక్కలు కొనడానికి బేరమాడుతూ
మళ్ళీ బట్టీ వైపే వస్తున్నాయి.
ఆడవాళ్ళ కొంగులు విదిలించే వాచ్‌మేన్
అన్నిటికీ సెల్యూట్ కొడుతున్నాడు.
వెనకాల ఈనుపుల్ల ఓనరు
చెప్పులు ఊడిపోతుంటే, వాటి వెంట పరుగు.

రేకులు ఎగిరిపోయేలా నవ్వారు.
సంబంధాలావిడకి ఎక్కిళ్ళొచ్చాయి.

ఏడోది మిగిలింది.
ఆ ఊపులో, ఆలోచించకుండా వేసేశాను:
కోయంబత్తూరు వెళ్ళింది,
కాళ్ళు ఇనుపవయ్యాయి,
మిషనై తిరిగొచ్చి
ఊర్మిళ పీట మీద కూర్చుంది.

నవ్వు
మధ్యలో బద్దయింది.

ఊర్మిళ లేచొచ్చి ఇనుపకాలి మీద వేలు పెట్టింది.
"ఇది నా సెయ్యేనా?"
"నీదేనమ్మా" అన్నారు మాష్టారు. ఇంకేం చెప్పలేదు,
ఉపన్యాసంలో అదొక్కటే పొట్టి వాక్యం.
నేను తలెత్తలేదు.
నా కుంచెను మింగిన ఫ్లెక్సు మిషను
ఎవరి ఏడో గుడ్డో అని లెక్కేస్తున్నాను.

పొద్దున్నే ఓనరొచ్చాడు, ఎవరో చెప్పారట.
నల్లబల్ల ముందు చాలాసేపు నిలబడ్డాడు.
పరిగెడుతున్న తనని చూసి
ఒకసారి చెప్పులు సరిచేసుకున్నాడు.
చింపేస్తాడనుకున్నాను, తుడిచేస్తాడనుకున్నాను.

"ఈ నడిచే గుడ్డు బాగుందయ్యా.
పేకెట్ల మీద వేద్దాం. ఎంత తీసుకుంటావ్?"

పాత బోర్డు తాలూకు నాలుగొందలు
ఇంకా ఆయన దగ్గరే ఉన్నాయి.
షిఫ్టుకి పోతూ పోతూ తవిటమ్మ
సందు మొగలో ఆగింది,
నేను కాళ్ళు ఎంతకి అమ్ముతానో చూద్దామని.